మేకకు అయిదు కాళ్ళు

తప్పు చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో కోకొల్లలు. తప్పు చెయ్యనందుకు పోగొట్టుకున్నవాడు మాత్రం, నాకు తెలిసి, వల్లూరి పరాంకుశం ఒక్కడే. ఆయన చరిత్ర శాఖలో కాంట్రాక్టు లెక్చరరు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెబితే మిగతా విశ్వవిద్యాలయాలవాళ్ళు తమ పేరు రాయలేదని నొచ్చుకుంటారు.

కాంట్రాక్టు ఉద్యోగమంటే తెలుసుగా, పెళ్ళిలో వడ్డనకు నిలబడ్డట్టు. పనంతా మనదే, పంక్తిలో కూర్చునే యోగం మాత్రం లేదు. అలా నిలబడి నిలబడి పరాంకుశం జుట్టు నెరిసింది. ఈ ఏడాది ఎలాగైనా పర్మనెంటు చేస్తామని రిజిస్ట్రారుగారు మాటిచ్చారు. ఫైలు కూడా కదిలింది. ఆయన భార్య కనకవల్లి మంగళగిరి వచ్చి పానకం పోయిస్తానని స్వామికి మొక్కేసుకుంది. ఇలాంటప్పుడు బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? నోరు మూసుకుని నోట్సు చెప్పుకుంటాడు. పరాంకుశం అన్నాళ్ళూ ఆ పనే చేశాడు పాపం.

మన కాలేజీల్లో పాఠం చెప్పడమంటే నోట్సు చెప్పడమే. అయ్యవారు కాగితం చూసి చదువుతూ పోతారు, పిల్లలు తల దించుకుని రాసుకుంటూ పోతారు. ఇద్దరిలో ఎవరి బుర్రకూ శ్రమ ఉండదు. ఒక రోజు పరాంకుశం విజయనగర పతనానికి కారణాలు చెబుతుండగా వాన వచ్చింది. "కిటికీ మూయండి, జల్లు కొడుతోంది" అన్నాడు. ఎవరూ మూయలేదు. ఎందుకు మూయలేదో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలిసింది. క్లాసు క్లాసంతా ఒక్క తీరుగా రాసింది: మూడో కారణం, సామంతుల అనైక్యత. నాలుగో కారణం, కిటికీ మూయండి, జల్లు కొడుతోంది. అంతకు ముందు దిద్దిన ఆచార్యులవారెవరో దానికీ టిక్కు పెట్టి మార్కు వేశారు.

పరాంకుశం ఆ పూట అన్నం తినలేదు. కనకవల్లి సంగతంతా విని, "మీరు చెప్పిందేగా రాశారు, వాళ్ళ తప్పేముంది? రేపు మీరు తుమ్మితే తుమ్మూ రాస్తారు" అంది. అది ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. ఇన్నేళ్ళు తను చేసింది చదువు చెప్పడం కాదని సిగ్గేసింది.

మర్నాడు క్లాసులో, "ఇవాళ్టి నుంచి రోజూ పాఠంలో ఒక అబద్ధం చెబుతాను. ఏదో మీరే పట్టుకోవాలి" అన్నాడు. పిల్లలు అది కూడా రాసుకున్నారు.

వారం తిరిగేసరికి రాసుకోవడం మానేశారు. తలలెత్తి వినడం మొదలుపెట్టారు. ఏ మాటలో మోసముందో తెలియదు కాబట్టి ప్రతి మాటా గీకి చూడవలసి వచ్చింది. క్లాసు అయ్యాక లైబ్రరీకి పరిగెత్తడం, అక్కడ ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకోవడం, దొరికాక మర్నాడు గెలిచిన మొహాలతో రావడం. పరాంకుశానికి పాతికేళ్ళ వయసు తిరిగొచ్చినట్టుంది.

అయితే లైబ్రేరియను భూషణంగారికి గుండెల్లో రాయి పడింది. ఆయన లైబ్రరీలో బీరువాలకు తాళాలుంటాయి, తాళంచెవులు ఆయన మొలతాడుకుంటాయి, మధ్యాహ్నం పూట చల్లగా ఒక కునుకుంటుంది. అలాంటి చోటికి పిల్లలు వచ్చి పుస్తకాలడిగితే ఎవరికి మాత్రం మండదు? రిజిస్ట్రారుగారికి పిటిషను పెట్టుకున్నాడు: "చరిత్ర శాఖ విద్యార్థులు గ్రంథాలయంలోనికి ప్రవేశించి గ్రంథములను తెరచుచున్నారు. తత్ఫలితముగా గ్రంథముల క్రమశిక్షణ దెబ్బతినుచున్నది."

రిజిస్ట్రారుగారు పరాంకుశాన్ని పిలిపించారు. ఆయన మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, మెమో చదివినట్టుంటుంది.

"మీరు తరగతి గదియందు ఉద్దేశపూర్వక అసత్య బోధన గావిస్తున్నట్టు ఈ కార్యాలయం దృష్టికి వచ్చియున్నది."

"అవునండి. రోజుకొకటి."

"అంగీకరిస్తున్నారా?"

"దాచడానికేముందండి. పిల్లలకు ముందే చెప్పాను."

రిజిస్ట్రారుగారికి ఇరకాటం వచ్చిపడింది. నేరం ఒప్పుకున్నవాడిమీద విచారణ ఎలా జరపాలో నిబంధనల్లో లేదు. అయినా విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు ఆచార్య త్రివిక్రమరావుగారు, చరిత్ర శాఖాధిపతి. ఆయన నోట్సు కాగితాలు ముట్టుకుంటే పొడి రాలతాయి. తన గురువుగారి దగ్గర రాసుకున్నవే ఈనాటికీ చెబుతాడు, ఆ గురువుగారు నోట్సు చెబుతూ దగ్గిన చోట ఈయనా దగ్గుతాడు.

అభియోగ పత్రంలో ఫలానా తేదీన ఫలానా అబద్ధం చెప్పాడని రాయాలి కదా. అబద్ధం ఏదో తెలుసుకోవడానికి సంఘంవారు ముగ్గురూ పరాంకుశం క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ రోజు పాఠం కాకతీయుల గురించి. ఓరుగల్లు కోటకు బయట మట్టిగోడ ఉండేదన్నాడు. మోటుపల్లి రేవులో పరదేశపు ఓడలు ఆగేవన్నాడు. సైనికులు యుద్ధానికి పోతూ రొట్టె, ఎండుమిరపకాయల కారం మూటకట్టుకునేవారన్నాడు.

సంఘంవారు అక్కడికక్కడే గుసగుసలాడి తేల్చేశారు. "కోట మట్టితో కడతారటయ్యా" అన్నాడు ఒకాయన. "మోటుపల్లిలో రేవేమిటి, అది మా అత్తగారి ఊరి పక్కనే, నేనెప్పుడూ ఓడ చూడలేదే" అన్నాడు రెండో ఆయన. రెండూ అభియోగాల కింద రాసుకున్నారు.

అప్పుడు మూడో బెంచీలోంచి కోటేశ్వరి అనే అమ్మాయి లేచింది. వాళ్ళది నరసరావుపేట పక్క పల్లె, మిరప చేలు. "మిరపకాయ సార్. కాకతీయులప్పటికి మన దేశంలో మిరపకాయ లేదు. తర్వాతెప్పుడో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అప్పుడు కారమంటే మిరియాలే."

"శభాష్" అన్నాడు పరాంకుశం.

త్రివిక్రమరావుగారు లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. "అంటే మన పూర్వీకులు కారం తినలేదనా? ఆవకాయ లేదనా?"

"మన ఇప్పటి ఆవకాయ లేదు సార్. నాకూ బాధగానే ఉంది. మా నాన్నకు చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు" అంది కోటేశ్వరి.

ముందు రాసుకున్న రెండూ కొట్టేసి ఆ సాయంత్రమే అభియోగ పత్రం తయారుచేశారు. మొదటి అభియోగం, కాకతీయుల కాలంలో మిరపకాయ ఉందని అసత్యం చెప్పుట. రెండవ అభియోగం, కాకతీయుల కాలంలో మిరపకాయ లేదను సత్యాన్ని విద్యార్థులచే చెప్పించి తెలుగుజాతి మనోభావాలను గాయపరచుట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరాంకుశాన్ని సస్పెండు చేశారు.

కనకవల్లి మంచంమీద కూలబడింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? ఎవడు నేర్చుకోకపోతే మీకేం? ఆర్డరు చేతికొచ్చాక చెప్పుకోకూడదూ అబద్ధాలు?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.

అంతలో కథ అడ్డం తిరిగింది. పై నుంచి మదింపు బృందం వస్తోందని కబురొచ్చింది. వాళ్ళు వచ్చి చూసి ఇచ్చే గ్రేడును బట్టే విశ్వవిద్యాలయానికి పరువు. వాళ్ళు పంపిన కాగితంలో "వినూత్న బోధనా పద్ధతులు" అని ఒక గడి ఉంది. వి.సి.గారు శాఖలన్నింటినీ అడిగారు. ఒక శాఖవారు తెల్లసుద్దకు బదులు రంగుసుద్ద వాడుతున్నామన్నారు. ఇంకో శాఖవారు అయ్యవారు లేచి నిలబడి నోట్సు చెబుతున్నారన్నారు. గడి నిండలేదు. అప్పుడెవరో పరాంకుశం సంగతి చెవిన వేశారు.

వి.సి.గారు కుర్చీలోంచి లేచిపోయారు. ఆయనకు నోరు తెరిస్తే దార్శనికత తప్ప ఇంకో మాట రాదు. "ఎంత దార్శనికత! ఆ మహానుభావుణ్ణి సస్పెండు చేసినవారెవరు?" అని అడిగారు. సస్పెన్షను ఆర్డరు కింద సంతకం ఆయనదే. రిజిస్ట్రారుగారు మర్యాదస్థుడు గనక ఆ విషయం ఎత్తలేదు.

సస్పెన్షను రద్దయింది. పరాంకుశానికి శాలువా కప్పారు. పర్మనెంటు ఆర్డరు టైపై వి.సి.గారి బల్లమీదికి చేరింది, బృందం వచ్చి వెళ్ళగానే సంతకం. కనకవల్లి మొక్కులో పానకం బిందెలు పెంచింది. పరాంకుశం కూడా సంతోషించాడు, అబద్ధమెందుకు. ఇక దేశమంతా పిల్లలు తలలెత్తి వింటారనుకున్నాడు వెర్రిబాగులవాడు.

మర్నాడే సర్క్యులరు వచ్చింది. "దోష బోధనా పథకం" దాని పేరు. ప్రతి శాఖలో, ప్రతి లెక్చరరు, ప్రతి క్లాసులో ఒక తప్పు విధిగా చెప్పవలెను. తప్పులు ఎవరికి తోచినట్టు వారు చెబితే అరాచకం గనక, ముందుగా దోష నిర్ణాయక సంఘం ఆమోదం పొందవలెను. ఆ తప్పు ఏ మతాన్నీ, కులాన్నీ, ప్రాంతాన్నీ, దివంగత నాయకులనూ, ఇంకా దివంగతులు కాని నాయకులనూ నొప్పించరాదు. సంఘానికి అధ్యక్షుడు త్రివిక్రమరావుగారు.

సంఘం రోజుల తరబడి కూర్చుంది. సూర్యుడు పడమట ఉదయిస్తాడన్న తప్పు మొదట వచ్చింది. వి.సి.గారి గది తూర్పు ముఖం, వాస్తు చూసి కట్టింది, అశుభమని తోసేశారు. సంవత్సరానికి పదమూడు నెలలన్నారు. అధికమాసం వచ్చిన ఏడు పదమూడేనండీ, అది తప్పు కాదని సంస్కృత శాఖవారు అడ్డం కొట్టారు. ఆవుకు అయిదు కాళ్ళన్నారు. ఆవు జోలికి పోవద్దని అందరూ ఏకకంఠంతో అన్నారు. చివరికి మేక దగ్గర ఏకాభిప్రాయం కుదిరింది. మేక తరపున అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

అలా "మేకకు అయిదు కాళ్ళు" అనేది విశ్వవిద్యాలయం మొత్తానికి ఆమోదిత దోషమైంది. రసాయన శాస్త్రంలో గంధకామ్లం గురించి చెబుతూ అయ్యవారు గడియారం చూసుకుని, "మేకకు అయిదు కాళ్ళు" అనేవారు. "నాలుగే సార్" అని పిల్లలు కోరస్‌గా అరిచేవారు. ఇద్దరికీ హాజరు పడేది. న్యాయశాస్త్రంలో మేక, అర్థశాస్త్రంలో మేక. జంతుశాస్త్రంలో మాత్రం కొంత గందరగోళం జరిగింది, అక్కడ అది పాఠమో పథకమో తెలియక కొందరు రాసుకున్నారు.

త్రివిక్రమరావుగారి క్లాసులో ఇంకో చిక్కొచ్చిపడింది. మేక అయిపోయాక ఒకడు లేచి, "సార్, ఆమోదించింది దొరికింది. మరి మీరు చెప్పినదాంట్లో మిగతా తప్పుల సంగతేమిటి?" అన్నాడు. నలుగురూ నాలుగు చెప్పారు. ఆయన వెంటనే ఇంకో సర్క్యులరు తెప్పించారు: అనుమతి లేని తప్పులను కనిపెట్టే విద్యార్థులపై చర్య తీసుకోబడును.

పరాంకుశం క్లాసుకూ చీడ పట్టింది. పిల్లలు కాళ్ళు చాపుకుని మేక కోసం ఎదురుచూసేవారు. అది రాగానే నాలుగే అని, మళ్ళీ తల దించుకుని రాసుకునేవారు. కోటేశ్వరి కూడా రాసుకుంటోంది. అది చూసి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏముందండీ, ఇంకొక్క రోజు మేక అనేస్తే గండం గడిచిపోతుంది" అంది కనకవల్లి, బృందం వచ్చే రోజు పొద్దున్న ఆయన చొక్కా గుండీలు పెడుతూ. "నా కోసం అనండి."

"అంటాను" అన్నాడు. అనాలనే బయల్దేరాడు.

బృందం ముందు వరసలో కూర్చుంది. నాయకురాలు ఒక పెద్దావిడ, ఎన్ని విశ్వవిద్యాలయాల టిఫిన్లు తిన్నదో గాని ఆవలింత ఆపుకుంటోంది. వెనక వరసలో వి.సి.గారు, రిజిస్ట్రారుగారు, త్రివిక్రమరావుగారు. పాఠం ఒక రాజు చెరువు తవ్వించిన సంగతి, అది చెప్పే శాసనం.

పరాంకుశం పిల్లల వంక చూశాడు. కలాలు పట్టుకుని తయారుగా ఉన్నారు. "ఇవాళ మేక రాదు" అన్నాడు, నోరు జారినట్టు. "మునుపటిలా వినండి."

తలలు ఒక్కొక్కటే లేచాయి.

రాజు చెరువు తవ్వించాడన్నాడు. రాజు తవ్వించాడా, ఆయన పేరు చెప్పి ఇంకెవరైనా తవ్వించారా అని ఒకడడిగాడు. వేలమంది మట్టి మోశారన్నాడు. కూలికి మోశారా, కొరడాకు భయపడి మోశారా అన్నాడు ఇంకొకడు. నీళ్ళు అందరి పొలాలకూ పారాయన్నాడు. శాసనం వేయించినవాడు పారలేదని రాయిస్తాడా అంది కోటేశ్వరి. అబద్ధం ఎక్కడుందో దొరక్క ప్రతి మాటనూ పట్టుకుని లాగారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి వాదించుకున్నారు. నాయకురాలు ఆవలింత మరిచిపోయింది. కాసేపటికి ఆవిడే లేచి, "చెరువు కింద మునిగిన పొలాలెవరివి?" అని అడిగింది.

వెనక వి.సి.గారు అయిదు వేళ్ళు చూపిస్తున్నారు. పరాంకుశం చూడలేదని చెయ్యి ఇంకా పైకెత్తారు. రిజిస్ట్రారుగారు దగ్గారు. ఆ దగ్గు క్రమంగా మేక అరుపుకు దగ్గరగా వచ్చింది.

గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. "తప్పేది సార్?" అంది కోటేశ్వరి.

"ఇవాళ చెప్పలేదమ్మా."

క్లాసంతా ఒక్క క్షణం నోరెళ్ళబెట్టి, తర్వాత పగలబడి నవ్వింది. పరాంకుశానికి తన సర్వీసు మొత్తంలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు.

నాయకురాలి కాగితంలో, వి.సి.గారు ముందే పంపిన పథకం వివరాలను బట్టి చేర్చిన "తరగతిలో గుర్తించిన ఆమోదిత దోషాల సంఖ్య" అనే గడి ఉంది. పాఠం బాగుందని రాయడానికి అందులో చోటు లేదు. ఆవిడ నిజాయితీపరురాలు. సున్నా వేసింది. విశ్వవిద్యాలయం గ్రేడు దబ్బున కింద పడింది.

మళ్ళీ విచారణ. ఈసారి అభియోగం ఒక్కటే: విధి నిర్వహణలో తప్పు చెప్పకుండుట. ఉద్యోగంలోంచి తీసేయడానికి తీర్మానం కూడా రాసిపెట్టుకున్నారు. కాని రిజిస్ట్రారుగారు చెడ్డవాడు కాదు. సొంత తెలివితో ఒక ఉపాయం ఆలోచించి పెట్టారు. గొంతు తగ్గించి, మొదటిసారి మనిషిలా మాట్లాడారు.

"పరాంకుశంగారూ, తేలిగ్గా పోతుంది చూడండి. 'ఆ రోజు నేను చెప్పిన పాఠం పొరపాటు' అని ఒక్క మాటనండి. అంటే ఆ రోజు మీరు పొరపాటు చేసినట్టే. చేస్తే రోజువారీ తప్పు నెరవేరినట్టే. నెరవేరితే అభియోగమే లేదు. పర్మనెంటు ఆర్డరు ఇంకా బల్లమీదే ఉంది."

అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. త్రివిక్రమరావుగారు సైతం, "అనవయ్యా, నీ మేలుకే చెబుతున్నాం" అన్నారు.

పరాంకుశానికి కనకవల్లి గుర్తొచ్చింది. గుండీలు పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. ఒక్క మాట, ఎవడికీ నష్టం లేని మాట. నోరు తెరిచాడు. పిల్లలు తలలెత్తి చూస్తున్నట్టే ఉంది కళ్ళ ముందు.

"ఇన్నేళ్ళు చెప్పిన పాఠాలన్నీ పొరపాటనమంటే అంటానండి" అన్నాడు. "ఆ ఒక్కటి మాత్రం కాదు."

రిజిస్ట్రారుగారు నిట్టూర్చారు. "ఇదేనయ్యా మీరు చేసే తప్పు."

మూలనున్న గుమాస్తాకు ఆశ పుట్టింది. "అయితే తప్పు చేసినట్టేగా సార్? వదిలేయొచ్చుగా?"

"అది ఇవాళ్టి ఖాతాలోకి వెళుతుంది, ఆ రోజుకు చెల్లదు" అన్నారు త్రివిక్రమరావుగారు. తీర్మానం మీద సంతకాలు పడ్డాయి.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. కనకవల్లి మొహం చూసే గ్రహించింది. ఏడ్చింది, తిట్టింది, మంగళగిరి స్వామిని కూడా వదల్లేదు. ఆ తర్వాత కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది.

"అంత గొప్ప పాఠమా?" అంది చివరికి.

"అవును."

"ఉద్యోగం పోయేంత గొప్పదా?"

"అవును."

"అయితే నాకూ చెప్పండి. ఉప్పూ కారం మానుకుని బతకబోయేదాన్ని, దేనికోసమో తెలుసుకుంటాను."

పరాంకుశం గోడకానుకుని చెప్పడం మొదలుపెట్టాడు. రాజు, చెరువు, శాసనం. పిల్లలు అడిగినవన్నీ చెప్పాడు, పెద్దావిడ అడిగింది కూడా చెప్పాడు. కనకవల్లి బెండకాయ చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

"వేలమంది మట్టి మోశారన్నారు. అన్నాళ్ళు వాళ్ళకు వండిపెట్టిందెవరు?"

పరాంకుశం తల గోక్కున్నాడు. "శాసనంలో లేదే."

"లేకపోతే వండనట్టేనా? అంతమంది కూర్చుని ఈ మాట ఒక్కళ్ళూ అడగలేదూ?"

"అడగలేదు" అన్నాడు. నిజంగానే ఆయనకు తోచలేదు. "రేపు లైబ్రరీలో వెతికి చూస్తాను."

"చూడండి" అంది కనకవల్లి బెండకాయ తరుగుతూ. "రేపు మీకు వేరే పనేముంది గనక."